వెంకటేశం సారు ఎర్రమూట

సోమవారం పొద్దున రైలు దిగేటప్పటికి రెబెక్క టీచరు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. వికారాబాదులో వెంకటేశం సారు సామాను ఆయన ఇంట్లో అప్పజెప్పాలి. బస్సెక్కి తాండూరు పోవాలి. సెల్లు ఆపేసి, కడుపునిండా నిద్రపోవాలి. మూడు విమానాలు మారి వచ్చిన మనిషి అంతకంటే ఏం కోరుకుంటుంది?

తాండూరులో ఒకే బడిలో ఆమె సోషల్ చెబుతుంది, ఆయన సైన్సు చెబుతాడు. టీచర్లను ఏరి బొలీవియా తీసుకెళ్లిన యాత్రలో ఇద్దరికీ చోటు దొరికింది. పన్నెండు వేల అడుగుల ఎత్తున పీఠభూమి, చుట్టూ అగ్నిపర్వతాలు. అక్కడ సారు చిన్నపిల్లాడైపోయాడు. ఉప్పు చెరువులో గులాబీరంగు కొంగలను లెక్కపెట్టబోయి మూడుసార్లు తప్పాడు. చెవులకు రంగుదారాలు కట్టిన లామాలనే ఉన్ని జంతువులను చూసి, మా పెద్దేముల్ గొర్లకు కూడా కట్టించాలన్నాడు. అక్కడి ఐమారా తెగ ముసలమ్మ ఒకామె తాగబోయే ముందు నాలుగు చుక్కలు నేలతల్లికి వంపితే, కల్లు ముంత ఎత్తే ముందు మా తాతా ఇంతేనని ఆమె చేతులు పట్టుకున్నాడు. మాట తెలియకపోయినా ఆమె మురిసిపోయింది. సారు అగ్నిపర్వతం కింద ఏరుకున్న బూడిదనూ తెల్లని బోలురాళ్లనూ చిన్న కుండలో పోసి, ఎర్రని నేతగుడ్డతో మూతి కట్టి ఇచ్చింది. ఆ రాళ్లు నీళ్లలో తేలుతాయి. పుట్టినప్పటి నుంచీ నాపరాళ్ల మధ్య పెరిగిన తాండూరు పిల్లలకు ఆ వింత చూపించాలని సారు ఆరాటం.

ఎనిమిదో రోజున ఆయన ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. కింద పట్నంలోని ఆస్పత్రిలో చేర్చి, పది రోజులు విమానం ఎక్కొద్దన్నారు. తిరుగు ప్రయాణం నాడు సారు ముక్కు దగ్గరి గొట్టం పక్కకు జరిపి, రెబెక్క చేత ఒట్టేయించుకున్నాడు.

"నా బీమారి సంగతి పద్మకు చెప్పకు మేడం. పరేషాన్ అయితది. సారు మెల్లగ వస్తడని చెప్పు, చాలు."

పగిలిన సెల్లు రిపేరుకిమ్మన్నాడు. కోటు, బూట్లు, కుండ ఉన్న ఎర్రమూట కూడా ఆమెకే అంటగట్టాడు. ఆస్పత్రి నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు.

రెబెక్క ఎన్నడూ అబద్ధం ఆడి ఎరగదు. తలుపు తీసిన సారు భార్య పద్మారాణి ఆమె వెనక ఎవరూ లేకపోవడం చూసి సారేడని అడిగింది. రెబెక్క తల దించుకుంది. చలికి పోయిన గొంతు ఇంకా రాలేదు. "మెల్లగ వస్తడక్కా," అని నేలతో చెప్పినట్టు చెప్పింది. తర్వాత కోటు ఇచ్చింది, బూట్లు ఇచ్చింది, పగిలిన సెల్లు ఇచ్చింది. చివరికి కుండ. దారి పొడుగునా అది గంధకం వాసన కొడుతూ, బూడిద రాలుస్తూ వచ్చింది. కడిగిన ఇల్లు పాడవుతుందని రెబెక్క తన మంచితనం కొద్దీ ఒక మాట చేర్చింది.

"ఇది ఇంట్లకు తీస్కపోకు అక్కా. బయట్నే పెట్టు."

ఇంట్లోకి తీసుకుపోకూడని కుండ ఏదో పద్మారాణికి తెలుసు. రెబెక్క వాళ్లలో మనిషిని పూడ్చిపెడతారు గనక ఆమెకు తట్టలేదు. పద్మారాణి దర్వాజా పట్టుకొని అలాగే కూలబడింది. పెనిమిటి మీద బెంగ అనుకుని రెబెక్క ఆమె భుజం నిమిరింది, ప్రార్థన చేస్తున్నానంది. ఇంకొక్క నిమిషం ఉంటే నిజం కక్కేస్తానన్న భయంతో బస్టాండు దారి పట్టింది.

గంటలో పద్మారాణి అన్న జంగప్ప తాండూరు నుంచి వచ్చాడు. ఆయనది బండల పాలిష్ మిషను. గుడ్డ విప్పి చూశాడు. బూడిద, అందులో ఎముకల్లాంటి తెల్లని ముక్కలు. మళ్లీ కట్టేశాడు. అంత దూరం నుంచి పీనుగను పంపరని, కాల్చి బూడిద ఇస్తారని చెప్పాడు. రెబెక్కకు ఫోన్ కొడితే ఆపేసి ఉంది. ఏ ముఖం పెట్టుకొని మాట్లాడుతుంది పాపం అని జాలిపడ్డాడు. సాయంత్రానికి బడి గేటు మీద సారు ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం రెబెక్కను తల్లి మొగులమ్మ తట్టి లేపింది. "లే బిడ్డా. వెంకటేశం సారు పోయిండట. ఫ్లెక్సీ కట్టిన్రు."

రెబెక్క దిగ్గున లేచి కూర్చుంది. నిన్నగాక మొన్న మాట్లాడిన మనిషి. తను విమానం ఎక్కాక పోయాడన్నమాట. ఒక్కణ్ణి పరాయి దేశంలో వదిలి వచ్చినందుకు ఆమె తనను తాను తిట్టుకోని తిట్టు లేదు. ఆ కబురు తన చేతి నుంచే బయల్దేరిందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

ఆ మధ్యాహ్నమే బడిలో పెట్టిన సంతాప సభలో ఆమెనే ముందు మాట్లాడమన్నారు. "సారుకు ఊపిరితిత్తులల్ల నీళ్లొచ్చినయి. నాకెరుకే. చెప్పొద్దని ఒట్టు వెట్టిండు, దాచిపెట్టిన. తప్పు నాది." అంతవరకు ఏ మూలో అనుమానం ఉన్నవాళ్లకు అదీ తీరిపోయింది. పద్మారాణి తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపు కంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండుననుకుంది రెబెక్క.

అక్కడి నుంచి బడి పిల్లలతో సహా అందరూ ఆటోల్లో కాగ్నా నది ఒడ్డుకు పోయారు. సారుకు పిల్లలు లేరు గనక, తెల్లగుడ్డ చుట్టిన కుండతో జంగప్పే మోకాలి లోతు నీళ్లలోకి దిగి వంపాడు. బూడిద కలిసిపోయింది. తెల్లని ముక్కలు మునగలేదు. అరచేత్తో అదిమాడు. వదలగానే మళ్లీ పైకి వచ్చి ఆయన మోకాళ్ల చుట్టూ తిరిగాయి.

"ఆయనకు పోబుద్ధయితలేదన్నా," అంది పద్మారాణి.

వెనకెక్కడో నిలబడ్డ రెబెక్క జనాన్ని తోసుకొని ముందుకొచ్చింది. ముక్కలను చూసింది. తెల్లగుడ్డ కింది నుంచి జారిన ఎర్రని నేతగుడ్డను చూసింది.

"అన్నా, అవి సారు బొక్కలు గావు. రాళ్లు."

జంగప్ప ఆమెను జాలిగా చూశాడు. "ముప్పై ఏండ్లసంది రాళ్లల్లనే బతుకుతున్న. రాయి యాడన్న తేలుతదా మేడం?"

రెబెక్క ఆస్పత్రి చీటీ తీసి నంబరు కొట్టింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఎవరో ఏదో భాషలో మాట్లాడారు. వెంకటేశం సారు అంటూ ఆమె పదిసార్లు పేరు చెప్పింది. కాసేపటికి దగ్గుతూ ఒక గొంతు వినబడింది.

"మేడం, పద్మకు అనుమానం రాలేదు గద?"

రెబెక్క ఫోన్ తీసుకెళ్లి పద్మారాణి చెవికి ఆనించింది. పద్మారాణి చాలాసేపు ఆయన ఊపిరి మాత్రమే వింది. తర్వాత ఒడ్డున కూర్చుని, నిన్నటి నుంచీ ఏడవనంత ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక ఒక్క మాట అంది. "ముందుగాల ఇంటికి రా. తర్వాత జెప్త."

చావు కబురు పుట్టిన పన్నెండో రోజున సారు దిగాడు. ఇంట్లో ఏం జరిగిందో వాళ్లిద్దరికే తెలుసు. మర్నాడు బడి గేటుకున్న తన ఫ్లెక్సీని తానే విప్పుకొని, మడతపెట్టి చంకన పెట్టుకొని తరగతిలోకి పోయాడు. నీళ్లలో తేలే రాయిని ఎవరైనా చూశారా అని అడిగాడు.

అందరూ చెయ్యెత్తారు.