ఏసుపాదం పంటికి రోల్డుగోల్డు తీగ

ఆ శుక్రవారం పొద్దున ఏసుపాదం వేసుకున్న పథకం చిన్నదే. క్లారినెట్‌కి ఊదే చోట బిగించే రీడు కొనాలని భార్య సౌభాగ్యమ్మతో చెప్పి, చిలకలపూడి స్టేషన్లో పాసింజరెక్కి గుడివాడ వెళ్ళాలి. అక్కడ పళ్ళ డాక్టరుకి నోరు చూపించుకుని, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు మంచం మీద నడుం వాల్చాలి. బందరులో పళ్ళ డాక్టర్లు లేక కాదు. వీధికొకరున్నారు. కానీ బందరులో ఒక వీధిలో తుమ్మితే పక్క వీధిలో చిరంజీవ అంటారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. రహస్యంగా ఊడగొట్టుకోవాలంటే మాత్రం గుడివాడ రాయే మేలని ఆయన నమ్మకం.

అసలు ఆయన దిగులు పన్ను గురించి కాదు, క్లారినెట్ గురించి. పై ముందు పళ్ళు ఆనించి పట్టి ఊదే వాయిద్యం అది. వాటిలో ఒకటి ఊడితే పాటా ఊడినట్టే. వచ్చే ఆదివారమే చర్చిలో కోత పండుగ. కొత్త వరి కంకులూ, గుమ్మడికాయలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ పట్టుకుని సంఘమంతా ఆయన క్లారినెట్ వెనక నడిచి గుడిలోకి వెళ్ళడం ఆయన కుర్రతనం నుంచీ ఉన్న ఆనవాయితీ. ఈ మధ్య శ్యాంబాబు అనే కుర్రాడు కీబోర్డు కొన్నాడు. అందులో ఒక మీట నొక్కితే క్లారినెట్ కూడా మోగుతుందట. ఆ సంగతి శ్యాంబాబు ఎంతో వినయంగా చెప్పాడు. ఏసుపాదానికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

పన్ను దాకా ఎందుకొచ్చిందంటే, షుగరు. ఆయనకది ఎన్నో ఏళ్ళ నుంచి ఉంది. బిళ్ళ వేసుకునేవాడు. హల్వా కూడా తినేవాడు. బిళ్ళ వేసుకున్నాక తిన్న హల్వా లెక్కలోకి రాదని ఆయన సొంత వైద్యం. కొన్నాళ్ళకు పళ్ళు తోముతుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం మొదలైంది. నేరమంతా బ్రష్షుదేనని తీర్పు చెప్పి, దాన్ని కిటికీలోనే ఎండబెట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించడంతో సరిపెట్టాడు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద నాన్న పక్కన కూర్చుని వేపపుల్ల నమలడం ఆయనకింకా కళ్ళ ముందే ఉంది. నీళ్ళ మీద మంచు, అవతలి గట్టున కల్లాల్లో గడ్డి వాసన, పుల్ల చీల్చి నాలుక గీసుకుని నాన్న కాలవలోకి ఉమ్మిన చప్పుడు. నాన్న ముసలితనంలో కూడా చెరుకుగడ పళ్ళతోనే చీల్చేవాడని ఏసుపాదం అందరికీ చెబుతాడు. ఆ నాన్నకి హల్వా కొనుక్కునే స్తోమత లేదన్న సంగతి మాత్రం చెప్పడు.

అలా ఉండగా పై ముందు పన్ను ఊగడం మొదలుపెట్టింది. ఇంకొకరైతే అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారు. ఏసుపాదం చిలకలపూడి మనిషి. పెళ్ళిళ్ళ కాలంలో బ్యాండు, తక్కిన కాలమంతా రోల్డుగోల్డు పని. గొలుసులకు తీగ ముడి వేయడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. వెంట్రుకంత సన్నటి తీగలతో కొక్కేలు కట్టినవాడికి పన్ను కట్టడం ఒక లెక్కా? సౌభాగ్యమ్మ చర్చికెళ్ళిన సమయం చూసి, అద్దం ముందు కూర్చుని, పాత పట్టకారుతో ఊగే పన్నును పక్క పన్నుకు రోల్డుగోల్డు తీగతో కట్టేశాడు. ముడి కనపడకుండా లోపలికి తిప్పాడు. పన్ను నిలబడింది. ఆ వారమంతా పెదవి మూసుకునే నవ్వుతూ ఘనంగా తిరిగాడు. తరవాత చిగురు చీము పట్టి, బుగ్గ బూరెలా పొంగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. సౌభాగ్యమ్మ అడిగితే తేనెటీగ కుట్టిందన్నాడు.

గుడివాడలో డాక్టరు లిఖిత చిన్నపిల్ల. నోట్లోకి లైటు వేసి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇదెవరు కట్టారు తాతగారూ?"

"నేనేనమ్మా."

"పనితనం చాలా బాగుంది. ఇంకెప్పుడూ చేయకండి."

తీగ కోసి, చీము తీసి, మందు పెడుతూ ఆ అమ్మాయి చెప్పిందేమిటంటే, షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయట. చిగుళ్ళు పాడైతే షుగరు ఇంకా మొండికేస్తుందట. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయట. నెత్తురొస్తే తోమడం మానేయకూడదు, మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా తోమాలి, పళ్ళ మీద పేరుకున్న గార తీయించాలి. గార తీస్తే పళ్ళు కదులుతాయంటారు కదా అని ఏసుపాదం నసిగాడు. ఆ గారే కింద చిగురును తినేస్తోందనీ, ఇన్నాళ్ళూ ఆయన కాపాడుకున్నది పళ్ళను కాదు గారననీ ఆ అమ్మాయి నవ్వింది. వాపు తగ్గాక పన్నును పక్కవాటికి కలిపి తనే సన్నటి తీగతో కడతానంది. అంటే మీరూ తీగే కడతారన్నమాట అని అడగాలని ఆయనకు నోటిదాకా వచ్చింది. కానీ నోట్లో అప్పటికే దూది పెట్టేసింది. ఈ ఆదివారం ఊదడానికి వీల్లేదనీ, షుగరు దిగితే ఈస్టరుకి చూద్దామనీ చెప్పి పంపింది. దూది గంటసేపు ఉంచి, మాట్లాడకుండా ఉండమంది. గంట ఉంచితే మంచిదైతే సాయంత్రం దాకా ఉంచడం ఇంకా మంచిది కదా అని ఏసుపాదం నిర్ణయించుకున్నాడు.

తువ్వాలు బుగ్గకు చుట్టుకుని, కోత పండుగ పోయిందన్న బాధతో కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చినవాడు వరండాలో చివరి కుర్చీని చూడలేదు. అందులో ఒక డోలక్ కూర్చునుంది. దాని వెనక మార్కు ఉన్నాడు.

మార్కు చర్చిలో డోలక్ వాయించే మనిషి. ఏసుపాదం జోడీ. డోలక్‌కి తోలు మార్పించాలని భార్య దీవెనతో చెప్పి, సాక్ష్యానికి డోలక్ కూడా మోసుకుని, చిగుళ్ళు చూపించుకోవడానికి గుడివాడ వచ్చాడు. బందరు రహస్యాలన్నీ గుడివాడలోనే ఎదురవుతాయని పాపం అతనికి తెలియదు. ఏసుపాదాన్ని చూడగానే బెంబేలెత్తి, వంతు వదిలేసి, బస్సెక్కి, ఆయనకంటే ముందే ఇల్లు చేరాడు. కానీ కడుపులో మాట నిలవలేదు. ఏసుపాదం అన్నయ్య గుడివాడలో ఆసుపత్రి నుంచి ఏడుస్తూ వెళ్తున్నాడని భార్యతో అన్నాడు. ఏం ఆసుపత్రి అని ఆవిడ అడిగితే, దారిన పోతూ చూశాను, బోర్డు చదవలేదన్నాడు. బోర్డు పేరు చెబితే, నీకక్కడేం పనన్నది తరవాతి ప్రశ్న అని అతనికి తెలుసు.

దీవెన స్త్రీల సమాజానికి కార్యదర్శి. గొలుసు ప్రార్థన ఆవిడ చేతి మీదే నడుస్తుంది. ఎవరికైనా కష్టమొస్తే ఒకరు ఇంకొకరికి ఫోను చేస్తారు, ఆవిడ మరొకరికి చేస్తుంది, ఎవరింట్లో వాళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తారు. విన్నది విన్నట్టు చెప్పాలన్నది నియమం. కానీ ఏ జబ్బో తెలియకుండా ప్రార్థన చేయడానికి మనసొప్పాలి కదా. దీవెన దగ్గర ఏడుస్తూ వెళ్ళిన మనిషికి రెండో ఇంట్లో బుగ్గ వాచింది. మూడో ఇంట్లో నోట్లో గడ్డ లేచింది. తరవాతి ఇంట్లో ఆ గడ్డ పేరు పలకడానికి ఎవరికీ నోరు రాలేదు, "ఆ జబ్బే" అనుకున్నారు. సమాజంలో పెద్దావిడ మహాలక్ష్మమ్మ దగ్గరికి వచ్చేసరికి విజయవాడ పెద్ద డాక్టర్లు కూడా పెదవి విరిచేశారు. ఎవరూ అబద్ధమాడలేదు. తలా ఒక చెయ్యి వేశారంతే.

మహాలక్ష్మమ్మ తరవాత గొలుసులో చివరి పేరు సౌభాగ్యమ్మది.

ఆ ఇల్లాలికి ఈ కబురు ఫోన్లో ఎలా చెప్పడం? మహాలక్ష్మమ్మ అందరినీ కూడగట్టుకుని స్వయంగా బయలుదేరింది. రోగి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు. అరటిపళ్ళు, బత్తాయిలు, గ్లూకోజు బిస్కెట్లు, హార్లిక్సు వచ్చాయి. పాపం ఇంకెన్నాళ్ళు తింటాడులే అని బందరు లడ్డూలూ, నేతి హల్వా డబ్బాలూ వచ్చాయి. పాట పాడాలి కాబట్టి మార్కునీ, డోలక్‌నీ కూడా దీవెన వెంటబెట్టుకొచ్చింది.

తలుపు చప్పుడుకు కునుకులోంచి లేచిన సౌభాగ్యమ్మ, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. విషయం విని, చెంగు ఇంకా గట్టిగా నొక్కుకుని గోడకు చేరగిలబడింది. అంతలో ఏసుపాదం వచ్చాడు. ఇంటినిండా జనాన్నీ, బల్లనిండా హల్వానీ చూసి బిత్తరపోయాడు. తువ్వాలు నోటి మీదే ఉంది. ఏమైందని చేతులతో అడిగాడు. మాట కూడా పడిపోయిందని వెనకనెవరో గొణిగారు. మొగుడు తువ్వాల్లోంచీ, పెళ్ళాం చెంగులోంచీ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క మాటతో ఆపగలిగినవాడు మార్కు ఒక్కడే. అతను తల దించుకుని డోలక్ తాళ్ళు బిగిస్తున్నాడు.

పాట అయింది. మహాలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మా అన్నయ్య కడపటి దినాలు నెమ్మదిగా గడిచేలా చెయ్యి ప్రభువా అనేసరికి సౌభాగ్యమ్మ చెంగు వదిలేసి భోరున ఏడ్చింది. నోరు తెరిచి ఏడ్చింది. పైన ఒక్క పన్ను లేదు.

ఏసుపాదం నోట్లో దూది కింద పడింది.

"సౌభాగ్యం, నీ పళ్ళేవి?"

"నా పళ్ళ మాట తరవాత. మీకు ఆ జబ్బంటగా?"

"జబ్బేంటే. పన్ను. పన్ను ఊగుతుంటే గుడివాడ వెళ్ళాను."

దీవెన నెమ్మదిగా మార్కు వైపు తిరిగి, అసలు ఎక్కడ చూశావని అడిగింది. మార్కు డోలక్ వైపు చూస్తూ, "ఆ డాక్టరు వరండాలో, చివరి కుర్చీలోంచి" అన్నాడు.

జనం వెళ్ళాక వంటింట్లో గ్లాసులోంచి పళ్ళ సెట్టు తీసి పెట్టుకుని సౌభాగ్యమ్మ వచ్చి కూర్చుంది. ఆ సెట్టు డబ్బా మీదా, ఏసుపాదం మందుల కవరు మీదా ఒకే ఆసుపత్రి పేరుంది. గుడ్లవల్లేరు చెల్లెలింటికని చెప్పి ఆవిడ వెళ్ళింది కూడా ఆ డాక్టరు దగ్గరికే. దీపం ఆర్పాక తీయడం, ఆయన లేవకముందే పెట్టుకోవడం. మధ్యాహ్నం ఆయన ఇంట్లో లేనప్పుడు కాస్త విశ్రాంతి. ఆవిడ జంతికలు తినడం మానేస్తే, తన కోసం దాస్తోందనుకుని ఆయన రెండు వాటాలూ తిన్నాడు. అది తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

"ఎందుకు దాచావు?"

"మీరెందుకు దాచారో అందుకే."

ఇద్దరికీ గుర్తున్నది ఒకటే. వంతెన లేని రోజుల్లో బ్యాండు మేళం పడవలో కృష్ణ దాటి నాగాయలంక పక్క పల్లెలో పెళ్ళికి వెళ్ళింది. సరిగ్గా పెళ్ళికూతురు వచ్చేవేళ కుర్ర ఏసుపాదం రీడు చీలి, క్లారినెట్ కీచుమంది. పందిట్లో ఒక పిల్ల పళ్ళన్నీ కనపడేలా పకపకా నవ్వింది. రీడు మార్చాక కూడా ఆయన ఆ రాత్రి రెండు పాటల్లో కావాలనే కీచుమనిపించాడు. ఆ నవ్వు చూసే చేసుకున్నాడు. ఆ నవ్వు పోయిందని తెలిస్తే ఈయన ఏమైపోతాడోనని ఆవిడ భయం. ఆ పాట పోతే తనలో ఇంకేం మిగులుతుందని ఆయన భయం. ఒకే మంచం మీద ఇద్దరూ రెండు వైపులకు తిరిగి, ఒకే భయంతో పడుకున్నారు.

ఆదివారం శ్యాంబాబు మీట నొక్కాడు. క్లారినెట్ ఒక్క తప్పు లేకుండా మోగింది. బాగుందని అందరూ అన్నారు, ఇంకోసారి వాయించమని ఎవరూ అడగలేదు. హల్వా డబ్బాలన్నీ కోత పండుగ కానుకల వేలంలో పెట్టించి, ఏసుపాదం వేలంపాటలో నోరెత్తకుండా కూర్చున్నాడు. సంఘం ముందు సాక్ష్యం చెప్పమంటే లేచి, తనకు పాడైనవి చిగుళ్ళనీ, పాడుచేసింది షుగరూ తనూ కలిసేననీ, తోమడం మానడం తన తెలివితక్కువనీ చెప్పాడు. పన్ను చూపించుకోవడానికి సిగ్గుపడొద్దని కూడా అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది.

ఈస్టరు ముందు వారం ఆయన సౌభాగ్యమ్మతో గుడివాడ వెళ్ళాడు. ఆవిడ చెప్పులు కొనుక్కోవాలని బజారు వైపు వెళ్ళింది. షుగరు దిగింది, చిగురు గట్టిపడింది, పన్ను డాక్టరు కట్టిన తీగ మీద నిలబడింది. ఒకసారి ఊది చూపించమంది లిఖిత. ఆయన సంచిలోంచి క్లారినెట్ తీసి, కళ్ళు మూసుకుని, ఊరేగింపు పాట ఎత్తుకున్నాడు. పన్ను కదల్లేదు. చివర్లో ఒక్కసారి కీచుమంది. కావాలనే.

బయట వరండాలో, అప్పుడే బజారు నుంచి వచ్చిన సౌభాగ్యమ్మ చెంగు అడ్డం పెట్టుకోకుండా పకపకా నవ్వింది. ఆ నవ్వు విని తలుపు తీసుకుని వచ్చిన ఏసుపాదం, ఆవిడ పక్క కుర్చీల నిండా తువ్వాళ్ళూ చెంగులూ బుగ్గలకు చుట్టుకుని కూర్చున్న తెలిసిన ముఖాలను చూసి ఆగిపోయాడు. మహాలక్ష్మమ్మ, దీవెన, శ్యాంబాబు, మరో సగం సంఘం. ఏ పని మీద వచ్చారని ఆయన మర్యాదగా అడిగాడు. డోలక్‌కి తోలు మార్పించడానికని ఒక్కొక్కరే చెప్పారు.

సంఘానికున్నది ఒక్కటే డోలక్, అది ఆ రోజు బందరులోనే ఉంది.