మిరియాల మల్లయ్యగారి పొట్లం

సోమశేఖర్‌కి బీపీ ఉందని గల్ఫ్‌లో తెలుగువాళ్ళుండే అబ్బాసియాలో సగం మందికి తెలుసు. ఒప్పుకోనిది సోమశేఖర్ ఒక్కడే.

ఆస్పత్రిలో డాక్టరు చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రోజుకో మాత్ర, జీవితాంతం అన్నాడు. ఆ "జీవితాంతం" దగ్గర సోమశేఖర్ బీపీ ఇంకాస్త పెరిగింది.

"మొదలుపెడితే మానడానికుండదట కుముదా. అందుకని మొదలే పెట్టను," అన్నాడు ఇంటికొచ్చి.

"అన్నం కూడా అంతేగా. మానేస్తారా?" అంది కుముదిని.

"ఇంగ్లీషు మందు వేడి చేస్తుందే!"

బయట యాభై డిగ్రీలు. బాల్కనీలో ఆరేసిన చొక్కా అప్పడంలా విరిగేటట్టుంది. ఈయనకి మాత్రం గోరంత మాత్ర వేడి చేస్తుందట.

షుఐబా ప్లాంటులో ఇంజనీరాయన. ఏ గొట్టంలో ఎంత ప్రెషరుండాలో చూడటమే ఉద్యోగం. గీత దాటితే సైరన్ మోగించి అందర్నీ బయటికి పరిగెత్తిస్తాడు. సొంత గొట్టాల సంగతొచ్చేసరికి, "అదే సర్దుకుంటుంది" అంటాడు. వాళ్ళ నాన్నగారూ అదే మాటన్నారు. ఇప్పుడు హాల్లో దండ వేసుకుని నవ్వుతున్నారు. ఆ ఫొటో తుడిచినప్పుడల్లా పక్కనున్న ఖాళీ మేకు కుముదినికి కనబడుతూనే ఉంటుంది.

ఏడ్చింది. అలిగింది. కూరల్లో ఉప్పు తగ్గించింది. ఆయన డ్యూటీ నుంచి వస్తూ దారిలో బజ్జీలు తినడం మొదలుపెట్టాడు.

చివరికి ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రని నూరి, శొంఠిపొడిలో కలిపి, కాగితంలో పొట్లం కట్టింది.

"ఇదేంటి?"

"నాటుమందు. రాయచోటి దగ్గర ఎవరో వైద్యుడట, ఊరి నుంచి వచ్చినవాళ్ళు తెచ్చారు. మీకెందుకులెండి, ఎదురు ఫ్లాటు వాళ్ళకిచ్చేస్తా."

"ఉండుండు. ఎవరా వైద్యుడు?"

కుముదిని కళ్ళు పోపుల డబ్బా మీద పడ్డాయి. "మిరియాల మల్లయ్యగారు."

సోమశేఖర్ తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని మింగాడు.

రోజుకో పొట్లం చొప్పున నెల తిరిగేసరికి బీపీ దిగింది. కుముదిని సంతోషం శుక్రవారం దాకా నిలిచింది. ఆ శుక్రవారం తెలుగు సంఘం మీటింగులో ఆయన మైకు పుచ్చుకుని మల్లయ్యగారి గురించి మాట్లాడాడు. మల్లయ్యగారికి తొంభై ఏళ్ళన్నాడు. అడవిలో ఉంటారన్నాడు. పైసా ముట్టరన్నాడు. ఈ వివరాలన్నీ కుముదినికే కొత్త.

మర్నాడు ఆయన స్నేహితుడు సాయిరామ్, భార్య సుప్రజని వెంటేసుకుని వచ్చాడు. "వదినా, ఆ మందు నాకూ ఇప్పించాలి. నా బీపీ మాత్రలు ఖలాస్! పొద్దున్నే చెత్తబుట్టలో పారేశా."

ఒక మొగుణ్ణి బతికించిన అబద్ధం ఇంకో మొగుడి మీదికొచ్చి కూచుంది. కుముదిని లోపలికెళ్ళి మాత్రల అట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మల్లయ్యా లేడు, అడవీ లేదు. ఈయన మింగుతున్నది ఆస్పత్రి మాత్రే. నేనే నూరి కలుపుతున్నా. మీ మాత్రలు మీరు వేసుకోండి సాయిరామ్ గారూ, మీకు దణ్ణం పెడతా."

సోమశేఖర్ అట్ట తిప్పి చూశాడు. ఒక మాత్ర తీసి నాలిక చివర తగిలించుకున్నాడు. ముఖం విచ్చుకుంది.

"చూశావా సాయిరామ్! మల్లయ్యగారి మందు కంపెనీల దాకా పాకింది. కాపీ కొట్టి అట్టల్లో పెట్టేశారు!"

"ఏమండీ, ఆ మల్లయ్యని పుట్టించిందే నేను!"

"పాపం, రహస్యం బయటపెట్టనని మాటిచ్చినట్టుంది," అన్నాడు సాయిరామ్‌తో, జాలిగా.

"పోనీ, అట్టలోదే వేసుకోండి. రెండూ ఒకటేగా!"

"నకిలీ సరుకు నేనెందుకు మింగుతాను?"

"అంతేనన్నా," అన్నాడు సాయిరామ్. "ఒరిజినల్‌కి అట్టెక్కడుంటుంది?"

కుముదిని టీ వంకతో వంటింట్లోకి వచ్చి పడింది. వెనకాలే సుప్రజ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిసంచిలోంచి, చెత్తబుట్టలో ఏరి తుడిచిన మాత్రల అట్ట బయటికి తీసింది.

"అక్కా, శొంఠి ఎంత కలుపుతారు?"

కుముదిని కల్వం ఆమె వైపు జరిపింది.