చెప్పుల పెట్టెలో నూట పద్నాలుగు గెట్‌లు

మా మేనకోడలి మంచం కింద, పాత చెప్పుల పెట్టెలో, నూట పద్నాలుగు 'గెట్'లు దొరికాయి. ఒక్కొక్కటీ ఒక్కో చీటీ మీద, ఎర్ర సిరాతో.

పాతికేళ్ళుగా వారపత్రికల సీరియళ్ళలో శవాలు దాచినవాణ్ణి. మంచం కింద పెట్టె కనిపిస్తే మూత తీయకుండా ఉండగలనా? తీశాను. గతుక్కుమన్నాను. ఆ చీటీల మీద వాక్యాలన్నీ నావే!

సంగతేమిటంటే, ఇరవై ఏళ్ళ కిందట ఒక పత్రికలో సీరియల్‌గా నేను ఇంగ్లీషులో రాసిన ఒకే ఒక్క థ్రిల్లర్‌ని ఈ పిల్ల స్పానిష్‌లోకి మారుస్తోంది. అట్ట మీద తన పేరు పడబోయే మొదటి పుస్తకం. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పూర్తి ప్రతి చేరకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తామని ప్రచురణకర్తలు తేల్చి చెప్పారు. నేను అక్క ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచింది ఆ శుక్రవారం పొద్దున్నే.

నా ఇంగ్లీషులో 'గెట్' అన్న మాట ఎదురైనప్పుడల్లా అక్కడ ఖాళీ వదిలి, వాక్యాన్ని చీటీకెక్కించి పెట్టెలో పడేసిందట. నన్నడగడానికి మొహమాటమట.

మొహమాటం దేనికి? గెట్ లాంటి మాట ఉండటం ఏ భాషకైనా వరం. ఇంగ్లీషువాడు పొద్దున్నే లేవడానికి గెట్ అంటాడు. తయారవడానికీ గెట్, బస్సెక్కడానికీ గెట్, దిగడానికీ గెట్. జలుబు చేసినా గెట్, పెళ్ళయినా గెట్, ఆ రెంటిలో ఏది ముందు వదులుతుందో తేలేలోపు ముసలితనమూ గెట్!

స్పానిష్ వాళ్ళ దుబారా చూడండి. లేవడానికి ఒక మాట, చేరడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి, కొనడానికి ఒకటి, కోపం రావడానికి మరొకటి. ఒక్క వంటమనిషి చాలిన ఇంట్లో ఉల్లిపాయలు తరగడానికి ఒకణ్ణీ, తరిగేవాడి కళ్ళు తుడవడానికి ఇంకొకణ్ణీ పెట్టుకున్నట్టు లేదూ?

నన్నడిగితే ఆఫీసులన్నీ గెట్ మీదే నడపాలంటాను. ఫైలు ఏమైంది? గెట్. లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది? గెట్. నా ప్రమోషన్ సంగతి? గెట్. ఎవరూ అబద్ధమాడినట్టు కాదు, నిజం చెప్పినట్టూ కాదు. ఇంతకన్నా ప్రశాంతమైన లోకం ఉంటుందా?

ఈ ఉపన్యాసమంతా మేనకోడలికి ఇచ్చాను. విని, పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఇక మొహమాటం లేదు. ఒక్కో చీటీ చదివి, ఇది ఏ రకం అని అడగడం, నేను చెప్పడం, తను రాసుకోవడం. ఇన్‌స్పెక్టర్ వానలో తడిశాడు. నర్సుకు ఉత్తరం అందింది. వంటమనిషికి ఆలస్యంగా అర్థమైంది. పదకొండున్నరకల్లా నూట పదమూడు అయిపోయాయి. నేను అప్పుడే మీసం దువ్వుకుంటున్నాను.

చివరి చీటీ తీసింది. నలభై వారాల సీరియల్లో ముప్పై తొమ్మిదో వారం. 'డ్రైవర్ గాట్ ది కీ.' గాట్ అంటే మరేం లేదు, నిన్నటి గెట్.

"ఇదేంటి మామయ్యా?"

"మామూలు గెట్టేనమ్మా."

"మామూలుది స్పానిష్ వాళ్ళ దగ్గర లేదు. తాళంచెవి దొంగిలించాడా? దొరికిందా? ఎవరైనా ఇచ్చారా? చెమటోడ్చి సాధించాడంటే దానికీ మాటుంది. ఓడ్చాడా?"

ఏదో ఒకటి వేసెయ్యమన్నాను. తను చివరి అధ్యాయం తీసి నా ముందు పెట్టింది. చనిపోయిన డాక్టరుగారి గది తాళంచెవి డ్రైవర్ జేబులో ఉందన్న ఒక్క సాక్ష్యంతో, నలభయ్యో వారం వాడికి యావజ్జీవం వేయించాను.

"దొంగిలించాడని రాస్తే వీడే హంతకుడు. ఎవరో ఇచ్చారని రాస్తే, ఇచ్చినవాడు హంతకుడు. నా పేరుతో వచ్చే పుస్తకంలో ఒక మనిషిని ఊరికే జైల్లో పెట్టలేను మామయ్యా."

ఇరవై ఏళ్ళలో ఇంతమంది చదివారు, ఒక్కడూ అడగలేదన్నాను, కాస్త పౌరుషంగానే.

"వాళ్ళు చదివారు. నేను రాయాలి కదా."

ఇన్నాళ్ళూ వరం, వరం అని నేను పొగిడిన మాట కింద ఒక అమాయకుడు ఇరవై ఏళ్ళుగా ఊచలు లెక్కపెడుతున్నాడు. గెట్ అర్థంకాని మాటేం కాదు. అది నాలాంటివాళ్ళు తలదాచుకునే చావడి.

గడియారం పన్నెండు కొట్టింది. మేనకోడలు చీటీని వెనక్కి తిప్పి, పెన్ను నా చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని సరిగ్గా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నా ఇన్‌స్పెక్టర్లందరికీ ఆ విద్య నేర్పింది నేనే. తప్పించుకునే దారి లేదని నాకు తెలుసు.

రాశాను:

"ఆ వారం నాకేమీ తట్టలేదు. పత్రిక మనిషి కాగితాల కోసం గుమ్మంలో నిలబడ్డాడు. తాళంచెవి డ్రైవర్ దగ్గరికి ఎలా వచ్చిందో తెలియక, గాట్ అని రాసి ఇచ్చేశాను. వచ్చే వారం చూసుకుందాంలే అనుకున్నాను. వచ్చే వారం తీర్పు చెప్పాల్సి వచ్చింది. తల్లీ, తాళంచెవి వాడికిచ్చింది డాక్టరుగారి తమ్ముడు. ఇచ్చాడు అనే రాసుకో. తీర్పు రెండు పేజీలూ తిరగరాసి రెండింటికల్లా నీ చేతిలో పెడతాను. డ్రైవర్‌ని ఇంటికి పంపుతాను. ఈసారి ఒక్క గెట్ కూడా ఉండదు."