కూడికల కమిటీ

"రికార్డులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దే పవిత్ర బాధ్యతను మన 'వీట్‌లో' పట్టణం తన భుజాల మీద వేసుకుంటోంది" అని మేయర్ మెర్విన్ కోస్టెక్ గారు జనవరి రెండో శనివారం, హాకీ మ్యాచ్ విరామంలో ప్రకటించారు. ఆయన జారిపడకుండా ఐస్ మీద కార్పెట్ పరిచాం. బయట మైనస్ ముప్పై నాలుగు డిగ్రీలు. అంత చలిలో కూడా న్యాయం గురించి ఆలోచించే నాయకుడు దొరకడం మా అదృష్టం.

నా పేరు వాల్ట్. ఇరవై ఏడేళ్లుగా మా జట్టుకి అధికారిక స్కోరర్‌ని. ఎవడు గోల్ కొట్టాడు, ఎవడు పాస్ ఇచ్చాడు, ఎవడు ఎవణ్ణి గుద్దాడు, అన్నీ షీటు మీద రాయడమే నా పని.

మా ఊరికి ఒక కట్టుబాటు ఉంది. ఒక్క సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడి పేరే అరీనాకి పెట్టాలి. 1979లో మేయర్ గారు కొట్టిన యాభై రెండు గోల్స్ పుణ్యమా అని అది కోస్టెక్ అరీనా అయింది. ఆ బోర్డు చూసే జనం ఆయన్ని నాలుగుసార్లు గెలిపించారు. ఈ శరదృతువులో ఐదోసారి ఎన్నికలు. ఇంతలో ట్రాక్టర్లు బాగుచేసుకునే కర్టిస్ థీసన్ జనవరికే నలభై ఎనిమిది గోల్స్ కొట్టి కూర్చున్నాడు. కమిటీకీ దీనికీ ఏ సంబంధమూ లేదని మేయర్ గారు ఎవరూ అడక్కుండానే చెప్పారు.

కమిటీలో ముగ్గురం. మేయర్ గారు చైర్మన్. ఆయన బావమరిది ముర్రే నిష్పాక్షిక సభ్యుడు. నేను కార్యదర్శిని. మొదటి సమావేశం అరీనా క్యాంటీన్లో, ఆలూ, ఉల్లిపాయ కూరి ఉడికించిన వేడి పెరోగీల ప్లేటు చుట్టూ జరిగింది.

"మా రోజుల్లో పాస్ ఐస్ మీది రెండు గీతలు దాటితే విజిల్ ఊది ఆట ఆపేసేవాళ్లు. ఇప్పుడా రూల్ ఎత్తేశారు. మరి ఆ విజిల్ వల్ల నేను పోగొట్టుకున్న గోల్స్ ఎవడిస్తాడు?" అన్నారు మేయర్ గారు.

ఎన్ని పోయాయో తెలియాలి కదా అన్నాను. ఆయన కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నారు. ఏడు గుర్తొచ్చాయి. నలభై ఏళ్లు దాటినా ఆ ధారణాశక్తి చూసి ముర్రే కళ్లు తుడుచుకున్నాడు. పెరోగీలో ఉల్లిపాయ వల్ల కూడా అయ్యుండొచ్చు. రికార్డు యాభై తొమ్మిదైంది.

ఫిబ్రవరిలో కర్టిస్ యాభై మూడో గోల్ కొట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత ఒకరికొకరు లెక్క చెప్పుకుని కూర్చున్నారు. అతను యాభై ఎనిమిదికి రాగానే కమిటీ మళ్లీ అత్యవసరంగా సమావేశమైంది. ఈసారి విషయం ఓవర్‌టైమ్. ఇప్పుడు స్కోరు సమానమైతే పక్షానికి ముగ్గురితో అదనపు ఆట ఆడిస్తున్నారు, ఖాళీ ఐస్ మీద గోల్స్ రాలుతున్నాయి. అప్పట్లో సమానమైతే చేతులు కలుపుకుని ఇంటికి పోవడమే. మేయర్ గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. రికార్డు అరవై ఆరుకి చేరింది.

నాకొక ధర్మసందేహం వచ్చింది. అప్పటి గోల్‌కీపర్ల ప్యాడ్లు చిన్నవి, మనుషులూ చిన్నవాళ్లే. అప్పుడు గోల్ కొట్టడం సులువు కాబట్టి దానికేమైనా తగ్గించాలా అని అడిగాను.

"చూడు వాల్ట్, న్యాయం అంటే కూడిక. తీసివేతలు మొదలుపెడితే దాన్ని కక్ష అంటారు" అన్నారు మేయర్ గారు. మినిట్స్ పుస్తకంలో ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

కర్టిస్ చివరి మ్యాచ్ ముందు అరవై నాలుగు మీద ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మేయర్ గారి ప్రజాస్వామ్య స్ఫూర్తి పెల్లుబికింది. పాత రూల్స్ వల్ల నష్టపోయినవాళ్లు ఎవరైనా ఉత్తరం రాయొచ్చు, బహిరంగ సభలో ప్రతి ఉత్తరాన్నీ అక్షరం వదలకుండా చదవాలి అని ఆదేశించారు. ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది, పక్క రాష్ట్రం మానిటోబా నుంచి. నేను నిలబడి చదివాను.

"అయ్యా, నా పేరు ఆర్మన్ లవాయ్. డెబ్బై రెండేళ్లు. 1979లో ఊళ్లో నివసించేవాళ్లే ఆడాలని రూల్ ఉండేది. ఆ జనవరి ఆరున మెర్విన్ హోటల్ మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. నేను పొరుగూరి వాణ్ణి. వాళ్లు నాకు అతని జెర్సీ తొడిగి, షీటు మీద అతని పేరు రాయించారు. ఆ యాభై రెండులో ముప్పై ఒకటి నావి. మా అమ్మకి మీ ఊరి పేపరు పోస్టులో పంపేవాణ్ణి. నీ పేరెక్కడరా అని అడిగేది. వచ్చే వారం వస్తుందే అనేవాణ్ణి. ఇప్పుడు ఆ రూల్ ఎత్తేశారట కదా. నాకు అరీనా వద్దు. నా పేరు ఎక్కడైనా ఒక్కసారి రాయండి, చాలు."

చదవడం అయ్యాక ఉత్తరం మడిచి మినిట్స్ పుస్తకంలో పెట్టాను. కర్టిస్ వెనక వరసలో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పిరికివాడైతే అక్కడే కూలిపోయేవాడు. మేయర్ గారు మాత్రం మంచినీళ్లు తాగి, ముర్రే చెవిలో ఏదో చెప్పి, అప్పటికప్పుడు తీర్మానం నంబర్ తొమ్మిది ప్రవేశపెట్టారు: ఐస్ మీద ఎవరు తిరిగినా సరే, షీటు మీద ఎవరి పేరుంటే ఆడింది వాళ్లే, ఫలితం వాళ్లదే, ఇది నాటికీ నేటికీ వర్తిస్తుంది.

"మనుషులు వస్తుంటారు, పోతుంటారు. సంతకమే నిలబడుతుంది" అని సంతకం పెట్టారు. మర్నాడు మేయర్ల సదస్సుకని రాజధాని రెజైనాకి వెళ్లిపోయారు.

చివరి మ్యాచ్ శనివారం మధ్యాహ్నం. ఆట ముందు ప్రతి ఆటగాడూ షీటు మీద తన పేరు తానే రాయడం మా దగ్గర ఆనవాయితీ. కర్టిస్ నా బల్ల దగ్గరికి వచ్చి పెన్ను అందుకున్నాడు.

"రెండు కొడితే సమానం, మూడు కొడితే బోర్డు నీది" అన్నాను.

"మూడు కొట్టేలోపు ఇంకో మీటింగ్ పెడతారు పెద్దాయనా. అయినా ఆ ముసలాయన గోల్స్ ముప్పై ఒకటి మింగినవాడి బోర్డు నాకెందుకు?" అన్నాడు.

తన పేరుకి బదులు మెర్విన్ కోస్టెక్ అని రాశాడు. వెనక ఉన్నవాడూ అదే రాశాడు. ఆ వెనకవాడూ అంతే. అవతలి జట్టు వాళ్లు వచ్చి ఏంటి సంగతని అడిగి, నవ్వి, వాళ్లూ అదే రాశారు. జట్టుకి పంతొమ్మిది చొప్పున మొత్తం ముప్పై ఎనిమిది మంది మెర్విన్ కోస్టెక్‌లు. రెఫరీ తీర్మానం తొమ్మిది రెండుసార్లు చదివి, తల గోక్కుని, విజిల్ ఊదాడు.

నా సర్వీసులో అలాంటి ఆట చూడలేదు. మేయర్ గారు తనకు తానే పాస్ ఇచ్చుకుని, తన్ను తానే తప్పించుకుని, తన మీద తానే పదహారు గోల్స్ కొట్టారు. తొమ్మిది–ఏడు తేడాతో గెలిచారు, ఓడిపోయారు కూడా. మధ్యలో మూడుసార్లు తనతో తాను కొట్లాటకి దిగారు. కొట్లాట అయ్యాక ఇద్దరు కోస్టెక్‌లూ కౌగిలించుకోవడం చూశాను గానీ షీటులో దానికి గడి లేదు. పెనాల్టీలు మాత్రం రాసి సంతకం చేశాను.

రికార్డు నిలిచింది కాబట్టి ఆ మరుసటి ఆదివారం అరీనాలోనే, దానికి మేయర్ గారి పేరిట శాశ్వత నామకరణ విందు. గుమ్మం దగ్గర అతిథుల పుస్తకం పట్టుకుని నేనే నిలబడ్డాను. మేయర్ గారు కొత్త టై కట్టుకుని వచ్చారు. నేను అడ్డంగా చెయ్యి పెట్టి లీగ్ రూల్ చదివి వినిపించాను: ఒక్క మ్యాచ్‌లో మూడు కొట్లాటలకి దిగినవాడు ఆ ఏడాది అరీనా గడప తొక్కరాదు.

"ఆ రోజు నేను రెజైనాలో ఉన్నాను వాల్ట్."

ఆయన సంతకం ఉన్న తీర్మానం తొమ్మిది చూపించాను. ఆయన దాన్ని పూర్తిగా చదివారు. బాగా రాశారు కాబట్టి చదవడానికి సమయం పట్టింది.

ఇంతలో బస్సు దిగి ఒక పొడుగాటి ముసలాయన వచ్చాడు. పేరు అడిగాను. పెన్ను తీసుకుని, చేతి తొడుగు విప్పి, ఆర్మన్ లవాయ్ అని నెమ్మదిగా, ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు. కాసేపు దాన్నే చూసుకుని లోపలికి వెళ్లాడు. లోపల కర్టిస్ అతనికి కుర్చీ లాగడం కనిపించింది.

"వాల్ట్, నా పేరు కూడా రాసుకోవయ్యా, చలేస్తోంది" అన్నారు మేయర్ గారు.

"మీ పేరు ఇప్పటికే ముప్పై ఎనిమిది సార్లు రాశాం సార్" అన్నాను.