ఓనరుకు వర్తించదు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో ‘జానయ్య కర్రీ పాయింట్’ తెలియని హాస్టల్ పిల్లలు లేరు. అందులో కర్రీ తిరుపతమ్మది, పాయింట్ కూడా తిరుపతమ్మదే. ఆమె మొగుడు జానయ్యది బోర్డు మీది పేరు మాత్రమే.

ఆడవాళ్ల పేరు మీదైతే బ్యాంకు లోను తొందరగా వస్తుందని లైసెన్సు భార్య పేర తీయించింది జానయ్యే. "పేరు ఆమెది, పెత్తనం నాది" అంటూ గల్లాపెట్టె దగ్గర ఫ్యాను కింద కూర్చుని మీసం దువ్వుకునేవాడు. అక్కడి నుంచి లేచేది తిండికీ, చాయ్‌కీ, మధ్యాహ్నం ఎల్బీనగర్ ఇంటికి పోయి కునుకు తీయడానికీ.

పోయిన ఎండాకాలం వంటమనిషి ఈరమ్మ చేతి మీద కాగిన నూనె పడింది. ఆమెను దవాఖానలో చూసి తిరుపతమ్మ ఏడ్చేసింది. "మన దగ్గర పనిచేసి మంచాన పడితే ఆమె ఇల్లు ఎట్ల గడుస్తది?" అని పట్టుబట్టి పనివాళ్లందరికీ వర్కర్ల ఇన్సూరెన్సు తీసుకుంది.

ఆ రోజు ఏజెంటు వెంకట్రావు మర్యాదగానే అడిగాడు. "జానయ్య గారూ, మిమ్మల్ని కూడా వర్కర్లలో చేర్చమంటారాండీ?"

జానయ్యకు ఒళ్లు మండింది. "నేను పనోడి లెక్క కనబడుతున్ననా సారూ? ఓనర్‌ను!"

ఇంతటి ఓనరుకు షుగరుంది. తీపి చూస్తే మాత్రం ప్రాణం ఆగదు. అందుకే తిరుపతమ్మ నువ్వుల ముద్దల డబ్బాను ఇంట్లో సజ్జ మీద దాచింది. ఒక మధ్యాహ్నం జానయ్య కునుకు మానేసి స్టూలెక్కాడు. ఒక ముద్ద నోట్లో, ఒకటి చేతిలో ఉండగా స్టూలు పక్కకు ఒరిగింది. కాలు మెలిక పడింది గానీ చేతిలో ముద్దను మాత్రం కింద పడనివ్వలేదు.

కాలు చూస్తుండగానే వాచింది. నిజం చెబితే డబ్బా మాయమవుతుంది, చాయ్‌లో ఉన్న చిటికెడు చక్కెర కూడా పోతుంది. అప్పుడు ఆయనకు ఇన్సూరెన్సు గుర్తొచ్చింది. దుకాణంలో పడ్డానంటే దవాఖాన ఖర్చు వాళ్లే ఇస్తారు, ఇంట్లో పడుకున్నా డబ్బు వస్తుంది, తిట్లకు బదులు జాలి దొరుకుతుంది. ఒక దెబ్బకు మూడు పిట్టలు. దెబ్బ ఎలాగూ తగిలింది, ఇక పిట్టలే తరువాయి.

ఆటో ఎక్కి, మూలుగుతూ దుకాణం ముందు దిగాడు. బయట ఈరమ్మ ఎల్లిపాయలు ఒలుస్తోంది. ఆమెను దాటుకుని కుంటుకుంటూ లోపలికి దూరాడు. తిరుపతమ్మ వెనక వంటింట్లో ఉంది. డబ్బాలోంచి గరిటెడు నూనె నేల మీద పోశాడు. కొత్త ప్యాంటు పాడవుతుందని మీద ఒక గోనెపట్టా పరిచాడు. దాని మీద జాగ్రత్తగా పడుకుని, "వామ్మో, సచ్చిన!" అని కేక పెట్టాడు.

తిరుపతమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఎట్ల పడితివయ్యా?"

"నూనె మీద జారిన."

"మరి గోనెపట్ట ఏంది?"

"పనోళ్లు జారుతరని నేనే ఏసిన."

"నువ్వే ఏసి నువ్వే పడితివా?" అంది గానీ, వాచిన కాలు చూసి వెంటనే ఐసు తెప్పించింది.

మర్నాడు జానయ్యే వెంకట్రావును దుకాణానికి పిలిపించాడు. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. "ఈ పాలసీ పనివాళ్ల కోసమండీ. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితేనే వస్తుంది. ఓనరుకు వర్తించదు. ఓనర్నని మీరే అన్నారు కదండీ!"

"నేనేడ ఓనర్‌ను సారూ? లైసెన్సు చూడుండ్రి. ఓనర్ మా ఆమె. నేను ఆమె కింద పనోడిని!" ఆ మాటతో మీసం కాస్త వాలింది.

"ఏం పని చేస్తారండీ?"

ఆ ప్రశ్న జానయ్యను ఇంతవరకు ఎవరూ అడగలేదు. "పొద్దుగాల లేచి ఉల్లిగడ్డలు కోస్త. కొత్తపేట రైతుబజారు నుంచి కూరగాయలు మోసుకొస్త. గంజులు తోముత. దుకాణం కడుగుత." చెప్పేకొద్దీ ఊపొచ్చింది. లోపల ఈరమ్మ చేతిలోని గంజు జారి కింద పడింది.

"మీరు జర యాదిల పెట్టుకోండ్రి సారూ. మళ్ల మాట మారుస్తడు" అంది తిరుపతమ్మ.

"పడటం ఎవరైనా చూశారాండీ?"

"ఈరమ్మ బయటనే ఉండె, అడుగుండ్రి!" అన్నాడు జానయ్య ధీమాగా.

ఈరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అబద్ధమెందుకాడాలె బిడ్డా? ఆటో దిగినప్పుడే కుంటుకుంట వచ్చిండు. జర సేపటికి లోపల నూనెడబ్బా చప్పుడైంది. అటెన్క పడ్డడు."

వెంకట్రావు కళ్లజోడు తీశాడు. "పడి కుంటిన వాళ్లను చాలామందిని చూశానండీ. కుంటుతూ వచ్చి పడిన వారిని ఇదే మొదటిసారి చూడటం!"

తిరుపతమ్మ నవ్వాపుకుంది. "ఇంట్ల సజ్జ కింద స్టూలు బోర్ల పడి ఉంటె నిన్ననే అనుకున్న. నీ మీసంల నువ్వుగింజ ఇంక అట్లనే ఉన్నది."

జానయ్య గబుక్కున మీసం తుడుచుకున్నాడు.

"గింజ లేదు. ఊకె అన్న" అంది తిరుపతమ్మ. తర్వాత ఆమె గొంతు మారింది. "ఈరమ్మ చెయ్యి చూసి తీసుకున్న పాలసీ ఇది. నువ్వు దొంగ దెబ్బకు పైసలడిగితే, రేపు ఆమెకు నిజంగ తగిలిననాడు మనల్ని ఎవరు నమ్ముతరు?"

ఈసారి జానయ్యకు నిజంగానే సిగ్గేసింది. ఈరమ్మ చేతి మీది మచ్చ చూసి తల దించుకున్నాడు. "తప్పయింది" అన్నాడు, ఆ ఒక్క మాట మాత్రం మీసం దువ్వకుండా.

"సారూ, పైసలు మాకొద్దు" అంది తిరుపతమ్మ. "గని ఇగ ఈయనను వర్కర్లల్ల కలుపుండ్రి. ఏమేం పని చేస్తడో ఆయన నోటితోనే చెప్పిండు గద."

"కలపొచ్చండీ. కాకపోతే నిజంగా పని చేయాలి, మీరు జీతమివ్వాలి."

"ఇస్త. పని చూసి ఇస్త."

కాలు తగ్గగానే జానయ్య డ్యూటీలో చేరాడు. పొద్దున్నే ఉల్లిగడ్డల ముందు కళ్లనీళ్లు కారుస్తుంటే కూరకొచ్చినవాళ్లు "ఏమైంది అన్నా?" అని అడిగేవారు. "ప్రమోషనొచ్చింది" అనేవాడు. గల్లాపెట్టె దగ్గర ఫ్యాను కింద ఇప్పుడు తిరుపతమ్మ కూర్చుంటోంది. గాలి ఇంత బాగుంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

కూరగాయలు మోసీ మోసీ జానయ్యకు షుగరు దిగింది. డాక్టరు సరేనన్నాక, ఒక ఆదివారం తిరుపతమ్మ ఒక నువ్వుల ముద్ద తెచ్చి అరచేతిలో పెట్టింది. "ఇగో, బోనస్."

ముద్ద నమిలేసరికి జానయ్య బుర్ర మళ్లీ పని చేసింది. "ఓనరమ్మా, ఆ డబ్బా ఇంట్ల ఎందుకు? దుకాణంల పెట్టు. నేనిప్పుడు పాలసీల ఉన్న. దాని కోసం ఎక్కి పడ్డా పని మీద పడ్డట్టే!"

"మంచి మాట చెప్పినవ్. గల్లపెట్టెల పెట్టి తాళమేస్త."

"మరి తాళంచెవి?"

"అది ఓనరుకే వర్తిస్తది" అంది తిరుపతమ్మ.

ఈరమ్మ పడీపడీ నవ్వింది. జానయ్య కూడా నవ్వి, పెదాలు నాక్కుని, ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నాడు.