ముళ్ళచెట్టు నుంచి ఏడంగలు

ఆ శనివారం ఉదయం ఐవర్ టనిక్లిఫ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫ్లాస్కులో టీ పోసుకోవాలి, ఆరు కౌస్లిప్ పూలమొక్కలు బకెట్లో పెట్టుకోవాలి, ఊరవతల కొండవాలులో ఉన్న పూలబీడుకు వెళ్ళి భార్య గ్లెనిస్‌ను పాతిపెట్టిన చోట వాటిని నాటాలి, పదింటికల్లా ఇంటికొచ్చి గుడ్లు వేయించుకుని తినాలి. ముప్పై తొమ్మిదేళ్ళు బస్సుల గ్యారేజీలో ఇంజన్ల కింద పడుకుని బతికినవాడికి ఇందులో పొరపాటు పడడానికి ఏముందో కనబడలేదు.

ఆ బీడులో సమాధిరాళ్ళుండవు, పేర్లుండవు. మనిషిని అల్లిన బుట్టలోనో ఉత్త బట్టలోనో మట్టికి అప్పగిస్తారు. పైన ఆ నేలలో తరతరాలుగా పుట్టి పెరిగిన అడవిపూలే వేయాలి, అదీ ఒక్కొక్కరికి ఒక్క రకం. గులాబీలూ తులిప్‌లూ పరాయివి, పనికిరావు. బీడు కార్యాలయం ఇచ్చిన పూల జాబితాలో ఇరవై ఆరు పేర్లున్నాయి. గ్లెనిస్ పోయే ముందు ఆ కాగితాన్ని ఐవర్ చేతిలో పెట్టింది.

"నాకేం పూలు కావాలో నేను చెప్పను. నువ్వే ఎంచు. కర్టెన్ల దగ్గర్నుంచి కూర దాకా ముప్పై ఒక్క ఏళ్ళు ఏదడిగినా 'ఏదైనా పర్లేదు' అన్నావు. ఈ ఒక్కసారీ ఆ మాటన్నావో, లేచొస్తా!"

అందుకని చలికాలమంతా ఆ కాగితం వంటింటి బల్ల మీదే ఉంది. బడి మానేశాక ఐవర్ అంత శ్రద్ధగా చదివింది మరొకటి లేదు. చివరికి ఒక సంగతి గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు మోటారుసైకిలు మీద పోతుంటే రోడ్డు గట్టున తలవంచుకున్న పసుపు పూల గుత్తులు చూసి గ్లెనిస్ ఆపమంది. "వాన పడేట్టుంది" అని అతను ఆపలేదు. వాన పడనూ లేదు. అవి కౌస్లిప్‌లు. జాబితాలో ఆ పేరు పక్కన సంతకమంత గట్టిగా గీత గీశాడు.

నవంబరులో ఆమెను దింపిననాడే అతను లెక్క పెట్టుకున్నాడు: ముళ్ళచెట్టు నుంచి ఏడంగలు. ఇప్పుడూ అలాగే ఏడంగలు వేసి, మొక్కలు నాటి, బకెట్ బోర్లించి కూర్చుని టీ తాగి ఇంటికెళ్ళాడు. గుడ్లు మాడాయి గాని, మనసు కుదుటపడింది.

మరుసటి శనివారానికి కౌస్లిప్‌లు లేవు. వాటి చోట ఎవరివో తెల్ల డెయిజీ మొక్కలు బుద్ధిగా వరసకట్టి ఉన్నాయి. కుందేళ్ళ పనేమో అనుకున్నాడు. కుందేళ్ళు తింటాయి గాని నాటవు కదా! ఒళ్ళు మండి డెయిజీలన్నీ పీకి, కూర్చున్నచోటి నుంచే వెనక్కి విసిరేసి, మళ్ళీ కౌస్లిప్‌లు నాటాడు. ఆ పై వారం వాటి చోట మళ్ళీ డెయిజీలు, కౌస్లిప్‌లేమో గేటు దగ్గర బకెట్లో ఉన్నాయి. పక్కన చీటీ: "ఇవి వద్దు. దయచేసి."

ఆ "దయచేసి" అతన్ని మరీ మండించింది. మళ్ళీ పీకాడు, వెనక్కి విసిరాడు, నాటాడు. నెల దాకా వారం వారం ఇదే తంతు. చివరికి చుట్టూ కోళ్ళ గూటికి వేసే ఇనప వల కట్టాడు. వారం తిరిగేసరికి వల చక్కగా చుట్టచుట్టి ఉంది, లోపల డెయిజీలున్నాయి. గ్యారేజీలో పాత స్నేహితుడు సలహా ఇచ్చాడు: "మిరియాల పొడి చల్లు. చెయ్యి పెట్టినవాడెవడో తుమ్ముతూ దొరికిపోతాడు."

ఐవర్ మళ్ళీ కౌస్లిప్‌లు నాటి, రెండు డబ్బాలు చల్లాడు. అంతలో ఒక శవయాత్ర అటుగా వచ్చింది, దాంతోపాటే గాలీ వచ్చింది. పోయినాయన పన్నుల శాఖలో పనిచేసి ఊరందరినీ ఏడిపించినవాడు. అతని కోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరు. అలాంటిది నలభైమందీ కళ్ళనిండా నీళ్ళతో, ముక్కులు ఎగబీలుస్తూ, నాలుగు మంచిమాటలు చెప్పడానికి వచ్చినాయన నోట మాట పెగలక, అందరూ ఒకరి భుజం మీద ఒకరు పడి తుమ్మారు. పెద్దకొడుకు, బీడు చూసుకునే హ్యాటీ చేతులు పట్టుకుని, "మా నాన్నంటే జనానికి ఇంత ప్రేమ ఉందని ఇవాళే తెలిసిందమ్మా" అన్నాడు.

హ్యాటీ ఆ ప్రేమ ఎటునుంచి వీచిందో వెతుక్కుంటూ వెళ్ళింది. రెండు మిరియాల డబ్బాలు దొరికాయి. పై శనివారం పొద్దున్నే ఆమె ముళ్ళచెట్టు దగ్గర కాపు కాసింది.

కాసేపటికి ఐవర్ వచ్చాడు. అతను వచ్చేసరికే ఒక పొట్టి ఆవిడ ఆ చోట మోకాళ్ళ మీద కూర్చుని కౌస్లిప్ పీకుతోంది.

"ఏవమ్మా! పట్టపగలే దొంగతనమా?"

"నువ్వటయ్యా ఆ వల కట్టిన మహానుభావుడివి! మా ఆయన మీద కోళ్ళ గూడు కడతావా?"

"మీ ఆయనా? ఇక్కడున్నది నా భార్య!"

"చాల్లే! నా నార్మన్ ఇక్కడే ఉన్నాడు. నేను విన్‌ఫ్రెడ్ డావెట్‌ని. నా చేత్తో మట్టి వేశాను."

ఇద్దరూ ఒక్కసారి కిందికి చూశారు. ఇద్దరి బుర్రలోకీ ఒకే ఆలోచన వచ్చింది: ఒకే గోతిలో ఇద్దరా? ఐవర్ తలెత్తి ఆవిడ వంక అనుమానంగా చూశాడు. "మా గ్లెనిస్ దుప్పటే పంచుకునేది కాదు."

"నార్మన్ గురకకి దుప్పటి కాదు, వీధే ఖాళీ చేసేవాళ్ళు" అంది విన్‌ఫ్రెడ్.

"ఇద్దరూ కాస్త ఆగుతారా?" అంటూ హ్యాటీ వచ్చింది. చేతిలో పటం, చంకలో ఇనుముంటే కూత పెట్టే కర్ర. ప్రతి మనిషి తల దగ్గరా అంకె చెక్కిన ఇనప బిళ్ళ ఒకటి పూడ్చి ఉంటుంది. కర్రను ఆ చోటంతా తిప్పింది. కిక్కురుమనలేదు.

"ఇక్కడెవరూ లేరు" అంది.

"ఎవరూ లేకపోవడమేంటమ్మాయ్! ముళ్ళచెట్టు నుంచి ఏడంగలు!"

"ఏ ముళ్ళచెట్టు? పాతది జనవరి గాలివానకి పడిపోయింది కదండీ. మొదలు తీయడం కుదరక, ఎదిగిన కొత్త చెట్టే తెచ్చి నాలుగడుగులు ఇవతల నాటాం."

ఐవర్ చెట్టు వైపు తిరిగాడు. విన్‌ఫ్రెడ్ నవ్వబోయింది.

"మరి మీరెలా వచ్చారండీ ఇక్కడికి?" అని హ్యాటీ ఆవిడనడిగింది.

"అంత్యక్రియలనాడు మా మరిది అడుగులేసి చూపించాడు. పదంగలని."

"ఆయన ఎంత పొడుగు?"

విన్‌ఫ్రెడ్ ఆకాశం వైపు చెయ్యెత్తి, మధ్యలోనే దించేసుకుంది.

హ్యాటీ కర్రను కుడివైపుకి తీసుకెళ్ళింది. కూత వచ్చింది. అక్కడ ముళ్ళగడ్డి నిలువెత్తున పెరిగి ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఉంది. విన్‌ఫ్రెడ్ కాసేపు చూసి కళ్ళు తుడుచుకుంది. "ఆయనే. అచ్చం ఆయనే."

తర్వాత ఎడమవైపు కూత వచ్చింది. ఆ చోటి అంచున గడ్డి మీద గుండ్రంగా బకెట్ అచ్చు ఉంది. రెండు నెలలుగా అతను ప్రతి శనివారం టీ తాగిన చోటు. భార్య పక్కన కూర్చుని, ఆమెకు వీపు పెట్టి, ఖాళీ నేలకేసి చూస్తూ "ఎలా ఉన్నావే" అన్నాడన్నమాట. ఆ అచ్చు వెనకంతా డెయిజీలు. అతను పీకి విసిరినవన్నీ వాన తడికి వేళ్ళూని, మోకాలెత్తు పెరిగి, విరగబూసి ఉన్నాయి. బీడు మొత్తానికి అంత అందమైన చోటు ఇంకోటి లేదు.

ఎక్కడో ఒక పిట్ట ఊరుకోకుండా అరుస్తోంది.

"తీసేసి మీ కౌస్లిప్‌లు పెట్టమంటారా?" అని హ్యాటీ నెమ్మదిగా అడిగింది.

ఆపమంటే ఆపలేదు, ఎంచమంటే ఎంచినవి ఆమెదాకా చేరలేదు. గ్లెనిస్ ఇది చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేది. ఐవర్ టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఈసారి ఆమె వైపు తిరిగి. "ఉండనీ అమ్మాయ్. ఆవిడకి బావున్నట్టున్నాయి."

"మరి మధ్యలో ఆ ఖాళీ ఎవరికి?" అంది విన్‌ఫ్రెడ్.

హ్యాటీ పటం తిరగేసి, గొంతు సవరించుకుంది. "ఐవర్ గారికి. అంత్యక్రియలనాడే సంతకం పెట్టారు, భార్య పక్కన చోటు కావాలని."

ఆరోజు ఏ కాగితం మీద ఏం సంతకం పెట్టాడో అతనికి గుర్తులేదు. రెండు నెలలుగా పోట్లాడింది తన గొయ్యి మీద అని మెల్లగా తలకెక్కింది.

"నీకింకా టైముందిగా" అంది విన్‌ఫ్రెడ్ మెత్తగా. "అందాకా నా మిగిలిన డెయిజీలు అక్కడ వేసుకోనా? ఏ పూలైతే ఏముందిలే నీకు."

ఐవర్ లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కుదరదు. కౌస్లిప్‌లే. రాసుకో అమ్మాయ్."

పుట్టి బుద్ధెరిగాక ఐవర్ తన కోసం పట్టుబట్టి కోరుకున్న మొదటి పూలవి, తాను చూసే అవకాశం లేనివి.