నలభై మూడు మందికి ఒకే నంబరు

సోమవారం పొద్దున శేషగిరిరావు మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదో తరగతి పిల్లల వివరాల పట్టికను మధ్యాహ్నం లోపు ప్రభుత్వం వారి సైటులో ఎక్కించాలి, ఆ తర్వాత ప్రశాంతంగా పెరుగన్నం తినాలి. ఆయన విజయవాడ వన్ టౌన్ నుంచి పామర్రు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఊళ్ళో హైస్కూలు దాకా ఆటోలో వచ్చి లెక్కలు చెబుతారు. మే నెలలో రిటైరవుతారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు. సర్వీసు రిజిస్టరు అలా మచ్చ లేకుండా అప్పగించి ఇంటికి పోవాలన్నది ఆయన ఏకైక కోరిక. అదేమన్నా గొంతెమ్మ కోరికా, మీరే చెప్పండి!

తరగతిలో నలభై మూడు మంది. పదిహేడు మంది నేతవాళ్ళ పిల్లలు, పధ్నాలుగు మంది కూలీల పిల్లలు, మిగతావాళ్ళ తల్లిదండ్రులు చేపల చెరువుల మీద పనిచేస్తారు. రోజుకు పధ్నాలుగు మంది మానేస్తారు, మానేసినవాళ్ళే పరీక్ష తప్పుతారు. ఈ సంగతిని మేష్టారు ఆరేళ్ళుగా గడులకు రంగులేసి మరీ పైకి పంపుతున్నారు. పైనుంచి ఆరేళ్ళుగా "అందినది" అని జవాబు వస్తోంది.

మొదటి వరసలో నాగదుర్గ, తండ్రి ఆదిశేషయ్య, వృత్తి నేత. తర్వాత పదహారు వరసలూ నేతే కదా, పదహారుసార్లు కొట్టడం ఎందుకని మేష్టారు ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగారు. పక్కనే, పిల్లలు బడి మానేస్తే ప్రభుత్వం మెసేజీ పంపే ఫోను నంబరు కూడా దానితోపాటే జారి పట్టిక అడుగు దాకా పోయింది. వృత్తులు సరిచేసుకున్నారు, నంబర్ల వైపు చూడలేదు. పట్టిక ఎక్కించి, పెరుగన్నం తిన్నారు.

మంగళవారం పదకొండు గంటలకు ఆదిశేషయ్యనూ అతని ఫోనునూ వెంటబెట్టుకుని అతని భార్య వెంకటరావమ్మ స్టాఫ్ రూములోకి వచ్చింది.

"మేష్టారూ, మా ఇంటాయనకి పిల్లలెంతమందండీ?"

"నాగదుర్గ ఒక్కతే కదమ్మా?"

"ఫోన్లో ఇంకో పధ్నాలుగు మంది ఉన్నారండీ. మీ అబ్బాయి సాయిగణేష్ బడికి రాలేదంట, మీ అమ్మాయి జ్యోతిర్మయి రాలేదంట. ప్రభుత్వం అబద్ధం రాస్తదా? ఆ తల్లెవరో చెప్పండి చాలు, నే పోతా."

ఆదిశేషయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పాపం, మగ్గం మీంచి దిగొచ్చిన మనిషి, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. మేష్టారికి విషయం అర్థమై చెమటలు పట్టాయి. తప్పు తనదేనని ఒకటికి నాలుగుసార్లు చెప్పి వెంకటరావమ్మను శాంతింపజేశారు. సైటు తెరిస్తే, శుక్రవారం దాకా మార్పులు కుదరవని తాళం బొమ్మ కనిపించింది.

"ఈ మూడు రోజులూ ఓర్చుకోండి ఆదిశేషయ్య గారూ. మెసేజీలు వస్తే వదిలేయండి."

"ఎట్టా వదిలేస్తామండీ? మనింటికొచ్చిన కబురు అవతలోళ్ళకి చెప్పకపోతే పాపం కదండీ!"

అన్నంత పనీ చేశాడు. మర్నాడు పది గంటలకు ఫోను మోగగానే మగ్గం ఆపి సైకిలెక్కాడు. సాయిగణేష్ ఇంట్లో నూలు కండెలు చుడుతుంటే తండ్రికి మెసేజీ చూపించాడు. జ్యోతిర్మయి వరికోతలకు పోతుంటే గట్టు మీదే ఆపాడు. ఆదిశేషయ్యకు ఏదో సర్కారు ఉద్యోగం వచ్చిందని ఊరంతా పాకింది. రెండిళ్ళలో కుర్చీ వేసి టీ ఇచ్చారు.

గురువారం చేపల చెరువు కాపలాదారు సొలొమోను తన కొడుకు ఎలీషాను రెక్క పట్టుకుని స్కూలుకే వచ్చాడు.

"వీడికి తండ్రిని నేనా, ఈయనా? ముందు అది తేల్చండి సార్!"

వెనకాలే వచ్చిన ఆదిశేషయ్య చాలా గంభీరంగా ఫోను ముందుకు చాపాడు. "ఇందులో నేనని ఉంది. నాకేమన్నా సరదానా సొలొమోనూ? నువ్వు వాణ్ణి బడికి పంపించు, నా ఫోను మోగదు."

సొలొమోను మెసేజీని కూడబలుక్కుని చదివాడు. కొడుకును తరగతిలో కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఒక్కడే రాలేదు, వాడికి నిజంగానే జ్వరం. మేష్టారు ఆనందం పట్టలేక హాజరు పట్టీని మళ్ళీ చదువుకున్నారు. ఆరేళ్ళ రంగుల గడులు చేయలేని పని ఒక సైకిలు చేసింది. అంతలో హెడ్మిస్ట్రెస్ త్రిపురసుందరి గారు పిలిచారు.

"మండల ఆఫీసు నుంచి ఫోనండీ. నలభై మూడు మందికి ఒకే నంబరేంటని అడుగుతున్నారు. రేపు సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారట. అప్పటికి నంబర్లు సరిగా లేకపోతే మీకు మెమో ఇస్తారట. రిటైరయ్యే ముందు మీకెందుకండీ ఈ తలనొప్పి?"

మేష్టారి గుండెల్లో రాయి పడింది. సాయంత్రమే కూర్చుని నంబర్లన్నీ సరిచేశారు.

శనివారం తొమ్మిదిమంది రాలేదు. మెసేజీలు ఎవరి తల్లిదండ్రులకు వాళ్ళకు సక్రమంగానే వెళ్ళాయి. కాకపోతే చాలా ఇళ్ళలో సెల్లు ఉండేది బడి ఎగ్గొట్టిన పిల్లల చేతుల్లోనే. పదకొండింటికి ఆదిశేషయ్య గేటు దగ్గర సైకిలు ఆపాడు.

"ఇయ్యాల ఎవరూ మానలేదాండీ? ఫోను మోగలేదు."

"తొమ్మిదిమంది మానేశారు. పేర్లు కాగితం మీద రాసిస్తాను, వెళ్తారా?"

ఆదిశేషయ్య నొచ్చుకున్నాడు. "కాగితం పట్టుకుని ఒకరి గుమ్మం తొక్కడానికి నేనెవర్నండీ? ప్రభుత్వం నన్ను తండ్రనబట్టే కదా సొలొమోనంతటోడు నోరు మూశాడు!"

మేష్టారు తరగతిలోకి వెళ్ళి ఖాళీ చోట్లు లెక్కపెట్టారు. పరీక్షలకు యాభై రోజులున్నాయి. ముప్పై మూడేళ్ళ పేరు కళ్ళ ముందు మెదిలింది. నాలుగున్నరకు కంప్యూటరు ముందు కూర్చుని, ఆదిశేషయ్య నంబరున్న గడి మూల పట్టుకుని, ఒక్కొక్క వరసే లెక్కపెట్టుకుంటూ నలభై మూడో పేరు దాకా లాగారు. మళ్ళీ మొదటినుంచి సరిచూసుకుని సేవ్ చేశారు.

సోమవారం ముగ్గురే మానేశారు, మంగళవారం ఒక్కరూ మానలేదు. బుధవారం మెమో వచ్చింది. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టారు.

అందులో "అజాగ్రత్త వల్ల" అని రాశారు. ఆ మాటొక్కటే ఆయనకు మింగుడు పడలేదు.